పాస్టర్ గారి అనుభవం నిజమైనదేనా అని అడిగినప్పుడు అసలు ఏం అడుగుతున్నట్టు?

స్టేజీ మీద ఒక పాస్టర్ గారు తన గతం చెప్పుకుంటూ ఏడ్చారనుకోండి. "సేవకుడంటే ఇలా ఉండాలి, ఏమీ దాచుకోలేదు" అంటారు ఒకరు. "అదంతా డ్రామా, ఇంట్లో ఎలా ఉంటారో మాకు తెలుసు" అంటారు ఇంకొకరు. మూడో ఆయన అందుకుని "మనిషి సంగతి మనకెందుకండీ, వాక్యం సరిగ్గా చెబుతున్నాడా లేదా, అది చూడండి" అంటాడు. గంటసేపు వాదించుకున్నా ఎవరూ ఎవరినీ ఒప్పించలేరు, ఎందుకంటే ముగ్గురూ వేర్వేరు సంగతులు మాట్లాడుతూ వాటన్నిటికీ ఒకే పేరు పెడుతున్నారు. పేరుమోసిన నాయకుల బాగోతాలు వరసగా బయటపడిన ఈ కొన్నేళ్ళలో ఈ గందరగోళం ఇంకా ముదిరింది. అందుకే ముందు చిక్కు విప్పి, ఆ తర్వాత చరిత్రలోకి వెళ్దాం.

ఒకే మాటలో ఇరుక్కున్న ప్రశ్నలు

మొదటిది చాలా మామూలు ప్రశ్న: ఆయన చెప్పిన కథ జరిగిందా? తాగుడు మానేశానన్నారు, జైలుకెళ్ళి వచ్చానన్నారు, డాక్టర్లు చేతులెత్తేసిన జబ్బు ప్రార్థనతో తగ్గిందన్నారు. తేదీలు, కాగితాలు, అప్పటి మనుషులు దొరికితే ఇది తేలిపోతుంది. రెండోది, చెప్పేదానికీ బతికేదానికీ పొంతన ఉందా? దీనికి కాగితాలు చాలవు, దగ్గరుండి చూసినవాళ్ళు కావాలి, అదీ కొన్నేళ్ళపాటు చూసినవాళ్ళు. మూడోది, మా కష్టం ఆయనకు తెలుసా? బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గర కూర్చుని మాట్లాడే మనిషికి ఆ నొప్పి సొంతంగా తెలిసి ఉండాలా, అక్కర్లేదా అన్నది ఇందులోకి వస్తుంది.

ఈ మూడూ కలిసే ఉండాలని ఎక్కడా లేదు. తన గతం గురించి అక్షరాలా నిజం చెబుతూనే ఇవాళ సంఘం డబ్బు తినేసేవాడు ఉండొచ్చు. మచ్చలేని బతుకు బతుకుతూ, వినేవాళ్ళ బాధ ఆవగింజంత కూడా అర్థం కానివాడూ ఉండొచ్చు.

వీటికి తోడు నాలుగోది ఒకటి ఈ కాలంలో వచ్చి చేరింది: మనసులో ఉన్నది ఉన్నట్టు బయటికి చెప్పేస్తున్నాడా? "ఆథెంటిక్" అనగానే చాలామందికి ముందు తట్టేది ఇదే. నా లెక్కలో మిగతావాటికన్నా తక్కువ పనికొచ్చేదీ ఇదే, ఎందుకంటే దీన్ని అలవాటు చేసుకోవడం కష్టమేమీ కాదు.

పౌలు ఎంత చెప్పాడు, ఎక్కడ ఆపాడు

కొరింథు సంఘంలో జరిగిందీ సరిగ్గా ఇదే గొడవ. సిఫారసు పత్రికలు పట్టుకుని, మంచి మాటకారులైన బోధకులు కొందరు వచ్చారు. ఆ సంఘాన్ని స్థాపించిన అపొస్తలుడు పౌలు వాళ్ళ పక్కన తేలిపోయాడు. ఉత్తరాలైతే ఘనంగా ఉంటాయి గానీ మనిషి ఎదురుగా వస్తే బలహీనుడు, ప్రసంగం కొరగానిది అని జనం అనుకుంటున్న మాటను 2 కొరింథీయులు 10:10లో ఆయనే రాసుకున్నాడు.

దానికి జవాబుగా 11వ అధ్యాయంలో తన చిట్టా విప్పాడు. ఒకటి తక్కువ నలభై దెబ్బలు ఐదుసార్లు, బెత్తాలతో మూడుసార్లు, రాళ్ళతో ఒకసారి, ఓడ బద్దలై మూడుసార్లు, అందులో ఒక రాత్రీ పగలూ సముద్రంలోనే. ఇంతవరకూ వింటే ఏ వీరుడి కథో అనిపిస్తుంది. కానీ చిట్టా చివర ఏం పెట్టాడో చూడండి: దమస్కులో అధికారి పట్టుకోబోతుంటే గోడ కిటికీలోంచి గంపలో కూర్చోబెట్టి దించితే తప్పించుకుపోయాను అని. గొప్ప కోసం చెప్పుకునేవాడు ఇలాంటి సంఘటనను చివర కాదు కదా, మధ్యలో కూడా పెట్టడు.

12వ అధ్యాయం ఇంకా విచిత్రంగా ఉంటుంది. పరదైసులోకి ఎత్తబడిన అనుభవం చెప్పాల్సి వచ్చేసరికి "నేను" అన్న మాటే తీసేసి, పద్నాలుగేళ్ళ కిందట క్రీస్తులో ఉన్న ఒక మనిషిని ఎరుగుదును అంటూ వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు, అక్కడ ఏం విన్నాడో మాత్రం చెప్పలేదు. ఎందుకు తగ్గించుకుంటున్నాడో ఆరో వచనంలో ఉంది: నాలో చూసినదానికన్నా, నా నోట విన్నదానికన్నా ఎవరూ నన్ను ఎక్కువగా అంచనా వేయకూడదు అని. ఆ వెంటనే "శరీరంలో ముల్లు" గురించి చెప్పాడు. అది తీసేయమని మూడుసార్లు వేడుకున్నానన్నాడు, "నా కృప నీకు చాలును" అన్న జవాబూ చెప్పాడు, ఆ ముల్లేమిటో మాత్రం చెప్పలేదు. కంటి జబ్బని కొందరు, జ్వరమని కొందరు, విరోధులని కొందరు ఇప్పటికీ ఊహిస్తూనే ఉన్నారు.

అంటే పదిమందీ చూసిన దెబ్బల్ని వివరంగా చెప్పాడు, ఎవరూ సరిచూడలేని దర్శనాన్ని కుదించాడు, బాధ ఉందని ఒప్పుకుని దాని వివరం తన దగ్గరే ఉంచుకున్నాడు. ఇప్పటి చాలా మీటింగుల్లో ఇది తలకిందులుగా నడుస్తుంది, దర్శనానికి ముప్పావుగంట, పడిన దెబ్బలకు ఒక వాక్యం.

మనిషి చెడ్డవాడైతే ఇచ్చిన బాప్తిస్మం చెల్లుతుందా

"మనిషి సంగతి మనకెందుకు" అన్న మూడో ఆయన వాదనకు పదిహేడు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. 303లో రోమ్ చక్రవర్తి డయోక్లీషియన్ క్రైస్తవుల మీద హింస మొదలుపెట్టాడు, లేఖనాలు తెచ్చి అప్పగించమన్నాడు. అప్పగించనందుకు కొందరు చచ్చిపోయారు. కొందరు బిషప్పులు, పెద్దలు అప్పగించి ప్రాణాలు దక్కించుకున్నారు. హింస సద్దుమణిగాక ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో పేచీ మొదలైంది: అప్పగించినవాడు అభిషేకించిన బిషప్పు బిషప్పేనా? కాదన్నవాళ్ళకే తర్వాత డోనటిస్టులని పేరొచ్చింది. వాళ్ళది ఉత్త మొండి వాదం అనుకోవడానికి లేదు. మీ అన్న లేఖనం ఇవ్వనని చచ్చిపోతే, ఇచ్చేసి బతికినవాడు రేపు మీకు ప్రభువు బల్ల ఇస్తానని నిలబడితే ఎలా ఉంటుంది?

314లో ఇప్పటి ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణంలో జరిగిన బిషప్పుల సభ దీనికి రెండు ముక్కల తీర్పు చెప్పింది. లేఖనాలు అప్పగించినట్టు ప్రభుత్వ దస్తావేజుల్లో రుజువైతే, ఉత్త నోటిమాటలు కాకుండా రుజువైతే, ఆ మనిషి పదవిలోంచి దిగిపోవాలి. కానీ అతను చేసిన అభిషేకాలు మాత్రం చెల్లుతాయి. తర్వాత ఉత్తర ఆఫ్రికా బిషప్పు ఆగస్టీన్ దీనికి వేదాంతపరమైన బలం ఇచ్చాడు: పేతురు బాప్తిస్మం ఇచ్చినా ప్రభువును పట్టించిన యూదా ఇచ్చినా ఇచ్చేది క్రీస్తే అన్నాడు. అలా కాకపోతే తన బాప్తిస్మం చెల్లిందో లేదో ఏ విశ్వాసికీ ఎప్పటికీ తెలియదు, ఇచ్చినవాడి గుండె చీల్చి చూడలేడు కదా. 1571 నాటికి స్థిరపడిన ఆంగ్లికన్ సంఘపు 39 సూత్రాల్లో 26వది కూడా ఇదే దారిలో, సేవకుడి చెడుతనం సంస్కారాల ఫలాన్ని ఆపదు అంటుంది.

ఇక్కడే ఒక చిన్న మోసం జరుగుతుంటుంది. ఆర్ల్ తీర్పులోనూ ఆ సూత్రంలోనూ రెండో సగం ఉంది: చెడ్డ సేవకుల మీద విచారణ జరగాలి, తప్పు తేలితే తొలగించాలి. నాయకుడిని కాపాడాలనుకునేవాళ్ళు మొదటి సగం చదివి పుస్తకం మూసేస్తారు.

బైబిల్లోనూ ఈ రెండు వైపులూ ఉన్నాయి. అసూయతో ప్రకటించినా, మంచి మనసుతో ప్రకటించినా క్రీస్తు ప్రకటింపబడుతున్నాడు కాబట్టి సంతోషిస్తాను అన్నాడు పౌలు ఫిలిప్పీయులు 1లో. అదే పౌలు పేరుమీదున్న 1 తిమోతి 3లో అధ్యక్షుడు నిందారహితుడై ఉండాలని, సంఘానికి బయటివాళ్ళ దగ్గర కూడా మంచి పేరు ఉండాలని రాసి ఉంది. మొదటిది సువార్త గురించిన మాట, రెండోది పదవి గురించినది.

అవతలి పక్షం కూడా గట్టిదే. 1740లో పెన్సిల్వేనియాలో గిల్బర్ట్ టెనెంట్ అనే ప్రెస్బిటేరియన్ పాస్టర్, మారుమనస్సు అనుభవమే లేనివాళ్ళు సేవకులుగా ఉండటం ఎంత ప్రమాదమో చెబుతూ చేసిన ప్రసంగం పెద్ద దుమారం రేపింది. తాను నడవని దారి చూపించేవాడి వెంట జనం ఎందుకు పోవాలన్నది ఆయన వాదన. మరుసటి ఏడే ఆ సంఘం రెండుగా చీలింది. 1758లో మళ్ళీ కలవడానికి ముందు, తన మాటల కరుకుతనం తగ్గించుకుని ఐక్యత కోసం పనిచేసినవాళ్ళలో టెనెంట్ కూడా ఉన్నాడు. ఎదుటివాడికి అనుభవం ఉందా లేదా అని తేల్చడం ఎవరి వల్ల అవుతుందన్న ప్రశ్న మాత్రం అక్కడే ఉండిపోయింది.

దీనికి రెండేళ్ళ ముందే, 1738 మార్చిలో, తనకే విశ్వాసం లేదనిపించి ఇక ప్రసంగించడం మానేయాలా అని, తర్వాత మెథడిస్టు ఉద్యమానికి నాయకుడైన జాన్ వెస్లీ తన స్నేహితుడు పీటర్ బోలర్‌ను అడిగాడు. వద్దు, విశ్వాసం దొరికేవరకూ విశ్వాసాన్ని ప్రకటించు, దొరికాక దొరికింది కాబట్టి ప్రకటిస్తావు అన్నాడట ఆయన. మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధిలో జరిగిన కూడికలో తన హృదయం వింతగా వెచ్చబడిందని వెస్లీ రాసుకున్నాడు. టెనెంట్ కొలతతో కొలిస్తే మార్చిలో వెస్లీ నోరు మూసుకోవాల్సిన మనిషే.

సాక్ష్యమే పాస్ మార్కు అయితే

1630ల్లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో ప్యూరిటన్ సంఘాలు, అంటే ఇంగ్లండ్ నుంచి వలస వచ్చిన కట్టుదిట్టమైన ప్రొటెస్టంట్ల సంఘాలు, ఒక పద్ధతి తెచ్చాయి. పూర్తి సభ్యత్వం కావాలంటే దేవుడు నీలో ఎలా పనిచేశాడో నీ నోటితో చెప్పాలి, సంఘం విని ఒప్పుకోవాలి. ఉద్దేశం మంచిదే, పేరుకు మాత్రమే క్రైస్తవులైనవాళ్ళను వడపోయడం. అయితే వినగా వినగా ఎలాంటి కథ నెగ్గుతుందో అందరికీ తెలిసిపోతుంది: ముందు పాపపు భయం, తర్వాత నిరాశ, ఆపైన వెలుగు, మళ్ళీ కొంచెం అనుమానం. ఇప్పటికి మిగిలిన ఆ సాక్ష్యాలు చదివితే చాలావరకు ఇదే వరస కనబడుతుంది. మరో తరం వచ్చేసరికి పిల్లలు చిన్నప్పటినుంచి సంఘంలోనే పెరిగారు, నమ్మకం ఉంది గానీ చెప్పుకోవడానికి కథ లేదు. వాళ్ళ పిల్లలకు బాప్తిస్మం ఇవ్వాలా వద్దా అని తలపట్టుకుని, చివరికి 1662లో పూర్తి సభ్యులు కానివాళ్ళ పిల్లలకూ బాప్తిస్మం ఇవ్వొచ్చని ఒక మధ్యేమార్గానికి వచ్చారు.

కథకు మార్కులు వేయడం మొదలుపెడితే ఇంకో ఇబ్బంది, కథ పెరుగుతుంది. అమెరికాలో మైక్ వార్న్కీ అనే ప్రసంగీకుడు, తాను ఒకప్పుడు సాతాను ఆరాధకుల గుంపుకు పూజారినని చెప్పుకుని రెండు దశాబ్దాలపాటు పెద్ద పేరు సంపాదించాడు. 1992లో కార్నర్‌స్టోన్ అనే పత్రిక, అదీ క్రైస్తవ పత్రికే, ఆయన కాలేజీ నాటి స్నేహితుల్ని వెతికి పట్టుకుని, ఏ నెలలో ఎక్కడున్నాడో తేదీలు సరిచూసి, ఆ కథ కల్పితమని రాసింది. నన్నడిగితే ఇక్కడ ఆశ్చర్యపోవాల్సింది అబద్ధం గురించి కాదు. అన్నేళ్ళూ సంఘాల్లో ఇన్ని వేలమంది విన్నా ఒక్క ఫోన్ చేసి కనుక్కుందామని ఎవరికీ తోచలేదే, అదీ ఆశ్చర్యం. సాక్ష్యాన్ని ప్రశ్నించడమంటే దేవుణ్ణి ప్రశ్నించినట్టేనన్న భయం అలాంటిది.

పడ్డవాడికే తెలుస్తుందా

ఇప్పుడు మూడో ప్రశ్న, నాకు అన్నిటికన్నా లోతుగా కనబడేది. ఒకే సంఘటన దీన్ని రెండు వైపులా చూపిస్తుంది. బెల్జియం నుంచి వెళ్ళిన ఫాదర్ డామియన్ 1873లో హవాయిలోని మొలొకాయ్ ద్వీపంలో కుష్ఠురోగుల్ని వెలివేసి ఉంచిన చోటికి సేవకు వెళ్ళాడు. ఆయనకూ ఆ రోగం వచ్చాక ఒక ఆదివారం ప్రసంగాన్ని "మనం కుష్ఠురోగులం" అని మొదలుపెట్టాడని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. కానీ వెళ్ళిన ఏడాదే అన్నకు రాసిన ఉత్తరంలో, ప్రసంగాల్లో "సహోదరులారా" అనడం లేదని, "మనం కుష్ఠురోగులం" అంటున్నానని ఆయనే చెప్పాడు. అప్పటికి ఆయన ఆరోగ్యంగా ఉన్నాడు. రోగం వచ్చింది పదేళ్ళు దాటాక, దానితోనే 1889లో చనిపోయాడు.

మరి 1873లో ఆ "మనం" అన్నది నిజమా, అతిశయోక్తా? ఒక లెక్కన అబద్ధమే, ఆయన వేళ్ళు ఊడిపోలేదు. ఇంకో లెక్కన, వాళ్ళ పుళ్ళు కడుగుతూ, వాళ్ళకు శవపెట్టెలు చేస్తూ, వాళ్ళ మధ్యే ఉండిపోయినవాడికి ఆ మాట అనే హక్కు ఉంది. ఏడాదికోసారి వచ్చి ఫొటో దిగిపోయే నాయకుడు ఇదే మాట అంటే జనం నవ్వుతారు. తేడా రోగంలో లేదని తెలుస్తూనే ఉంది.

అనుభవానికి పెద్దపీట వేసేవాళ్ళు దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్తారు. 1969లో జేమ్స్ కోన్ అమెరికా నల్లజాతివారి వైపు నుంచి, 1971లో పెరూకు చెందిన గుస్తావో గుటియెరెజ్ పేదల వైపు నుంచి రాసిన వేదాంతం చెప్పిందేమంటే, అణచివేతకు గురైనవాడికి లేఖనంలో కనబడేవి సుఖంగా ఉన్నవాడి కంటికి ఆనవు. నిర్గమకాండాన్ని బానిస చదవడం వేరు, బానిసల యజమాని చదవడం వేరు. దీన్ని కాదనడం కష్టం. అభ్యంతరం చెప్పేవాళ్ళు ఇంకో చివర పట్టుకుంటారు: "నీకేం తెలుసు, అనుభవించింది నేను" అనేస్తే ఇక మాట్లాడటానికి ఏమీ మిగలదు, ఒకే కష్టం పడ్డ ఇద్దరు దాన్నుంచి రెండు వ్యతిరేకమైన పాఠాలు నేర్చుకుంటే ఎవరిది తీసుకోవాలి?

అనుభవం దానంతటదే కళ్ళు తెరిపించదని చెప్పడానికి జాన్ న్యూటన్‌కు మించిన ఉదాహరణ నాకు తెలియదు. 1748లో సముద్రపు తుఫానులో దేవుణ్ణి వెతుక్కున్నాడు, అది నిజమైన మలుపే. ఆ తర్వాత కూడా బానిసల ఓడలకు కెప్టెన్‌గా పనిచేశాడు. 1754లో మానేసింది కూడా ఆరోగ్యం దెబ్బతినడం వల్ల. 1764లో పాస్టరయ్యాడు, అదే ఏడాది అచ్చయిన తన జీవితకథలో, ఆ వ్యాపారం చేస్తున్నంతకాలం అది తప్పేమోనన్న అనుమానమే రాలేదని దాపరికం లేకుండా రాశాడు. దాన్ని బహిరంగంగా ఖండిస్తూ చిన్న పుస్తకం వేసింది 1788లో, తుఫానుకు నలభై ఏళ్ళ తర్వాత. అప్పుడు మాత్రం ఆయన మాటకు ఎవరికీ లేని బరువు వచ్చింది, ఎందుకంటే ఓడ అడుగున మనుషుల్ని ఎలా కుక్కేవారో చూసి, చేయించి వచ్చినవాడు చెబుతున్నాడు. సాక్ష్యం మొదటినుంచీ నిజమే, అందులో తాను చేసిన అసలు దారుణం ఏమిటో అర్థం కావడానికి ఒక జీవితకాలం పట్టింది.

లోపలిది ఎంత బయటపెట్టాలి

1856 అక్టోబరులో లండన్‌లో ఇరవై రెండేళ్ళ బాప్టిస్టు పాస్టర్ స్పర్జన్ ప్రసంగిస్తున్న హాల్లో ఎవరో "మంటలు" అని అరిచారు, తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆయన్ని జీవితాంతం వెంటాడిన కుంగుబాటు గురించి స్పర్జన్ తన దగ్గర చదువుకునే పాస్టర్లకు దాపరికం లేకుండా చెప్పేవాడు, మీకూ ఇలా రావచ్చు, వస్తే వింత అనుకోకండి అని. మదర్ థెరిసా దీనికి పూర్తిగా వేరు. దాదాపు యాభై ఏళ్ళు దేవుడు లేనట్టే అనిపించిన లోపలి చీకటి గురించి తన ఆత్మీయ సలహాదారులకు మాత్రమే రాసి, ఆ ఉత్తరాలు చించేయమని అడిగింది. 2007లో అవి పుస్తకంగా వచ్చాయి. నవ్వే ముఖం వెనక ఇంత దాచిందా, ఇది వేషధారణ కాదా అన్నవాళ్ళున్నారు. ఏమీ అనిపించకపోయినా పని వదలకపోవడమే అసలైన విశ్వాసం అన్నవాళ్ళూ ఉన్నారు. నాకైతే ఇద్దరిలో ఎవరూ మోసం చేసినట్టు కనబడదు, ఇద్దరూ ఎవరో ఒకరికి చెప్పుకున్నారు. ఎవరికీ చెప్పకుండా ఉండటం వేరే సంగతి.

చెప్పేటప్పుడు ఆ కథ ఎవరిదన్నది కూడా చూడాలి. "మా సంసారంలో వచ్చిన కష్టం" అని పాస్టర్ గారు మైకులో నిజాయితీగా చెబుతుంటే, ముందు వరసలో కూర్చున్న ఆయన భార్య తలదించుకుంటే, ఆ నిజాయితీకి ధర ఎవరు కడుతున్నట్టు?

కొన్ని కేసుల్లో పెట్టి చూస్తే

ఆరు నెలల కిందట మందు మానేసిన కుర్రవాడు అద్భుతంగా మాట్లాడుతున్నాడు, యవనస్తుల బాధ్యత ఇచ్చేద్దాం అంటున్నారు పెద్దలు. మొదటి ప్రశ్నకు అవును, కథ నిజం. మూడోదానికీ అవును, తాగేవాడి బాధ అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. రెండోదానికి జవాబు లేదు, అంత కాలం గడవలేదు. క్రొత్తగా చేరినవాడై ఉండకూడదు అన్న 1 తిమోతి 3:6 సరిగ్గా ఈ ఖాళీ గురించే. అతను తన సంగతి చెప్పడానికి దీని వల్ల అడ్డేమీ లేదు, పదవి వేరు.

పెళ్ళికాని పాస్టర్, పెళ్ళయినవాళ్ళకు సంసారం గురించి సలహా చెప్పొచ్చా? మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయేలా ఉంది గానీ, ఒంటరివాడైన పౌలు 1 కొరింథీయులు 7లో చాలాభాగం దాని గురించే రాశాడు. అయితే ఇది ప్రభువు ఆజ్ఞ, ఇది నేను చెబుతున్నది, ఇది నా అభిప్రాయం అని వేరు చేసి మరీ రాశాడు.

పడిపోయి, క్షమాపణ చెప్పి, మళ్ళీ వేదిక ఎక్కిన నాయకుడి కేసు కష్టమైనది. యోహాను 21లో పేతురును ప్రభువు తిరిగి నిలబెట్టలేదా అంటారు ఒక వైపువాళ్ళు. క్షమాపణ అందరికీ ఉంది, నాయకత్వం అందరి హక్కూ కాదు అంటారు రెండో వైపువాళ్ళు. మొదటివాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఆ పేతురే ఏళ్ళ తర్వాత అంతియొకయలో, అప్పటిదాకా అన్యజనులతో కలిసి తిని, యాకోబు దగ్గరనుంచి కొందరు వచ్చేసరికి పక్కకు తప్పుకున్నాడు. ఇది వేషధారణ అని పౌలు అందరి ముందూ ముఖం మీదే చెప్పినట్టు గలతీయులు 2లో ఉంది. పేతురుకు అలా చెప్పగల మనిషి పక్కన ఉన్నాడు.

పేరుమోసిన క్రైస్తవ ప్రసంగీకుడు రవి జకరయాస్ విషయంలో ఆ మనిషి లేకపోయాడు, లేదా ఉన్నా వినలేదు. 2017లో ఆరోపణ వచ్చినప్పుడు ఆయన పేరుతోనే నడిచే సంస్థ ఆయన మాటే నమ్మింది. ఆయన 2020 మేలో చనిపోయాక, సంస్థే పెట్టిన విచారణ 2021 ఫిబ్రవరిలో లైంగిక దుష్ప్రవర్తన నిజమని తేల్చింది, తాము తప్పు చేశామని బోర్డు ఒప్పుకుంది. ఆయన ప్రసంగాల వల్లే ప్రభువును తెలుసుకున్నవాళ్ళు చాలామంది, మరి మా విశ్వాసం సంగతేంటి అని అడిగారు. అది కార్తేజ్‌లో అడిగిన ప్రశ్నే, ఆర్ల్ తీర్పు మొదటి సగం వాళ్ళకు సరిపోతుంది. ఆయన చేతుల్లో గాయపడిన స్త్రీలు అడిగింది ఆ ప్రశ్న కాదు. వాక్యం వాక్యమే కదా అన్నది వాళ్ళకు జవాబు కాదు. రెండో సగం ఎందుకు అమలు కాలేదని వాళ్ళు అడుగుతున్నారు.